నంబరు పడ్డ కానుగ

"అమ్మమ్మా, మీ చెట్ల సంఘమోళ్లు నన్ను గూడ మెంబర్ అవ్వమని మెసేజ్ వెట్టిన్రు. చేరాల్నా?"

చేరు బిడ్డా, నేనెందుకు వద్దంట. ముందుగాల ఆ ఫ్యాను జర ఇటు దిప్పి కూసో. నేను కాలేజీల బాటనీ చెప్పేటప్పుడు, మీ అమ్మ కడుపుల ఉన్నప్పుడు... కాదు కాదు, మీ మేనమామ పుట్టినంక... ఏదో ఒకటి, అప్పటి సంది నేను ఆడ లైఫ్ మెంబర్ని. లైఫ్ మెంబరంటే ఏంది, సచ్చేదాంక ఏడాదికొకసారి ఉప్పల్‌ల ఫంక్షన్ హాలుకు వోయి ఉప్మా తినే హక్కు. శాస్త్రం మంచిదే. చెట్టు గూడ మంచిదే. నడుమ మేమున్నం సూడు, గదే తక్లీఫ్.

ఏటేటా ఒక రిపోర్ట్ ఎల్లదీస్తరు. పెండ్లి పత్రికలు గూడ అంత నిగనిగ ఉండయి. సంఘం ఏం సాధించింది, మెంబర్లతోని జనానికి ఏం ఫాయిదా అయింది అని అండ్ల రాస్తరు. ఇప్పుడు దాన్ని ఇంపాక్ట్ అనాలెనట. ఒక సారున్నడు, పొద్దుగాల లేస్తే పువ్వు బొమ్మ వెట్టి గుడ్ మార్నింగ్ అని గ్రూపుల వడేస్తడు. రిపోర్ట్‌ల అది 'నిత్య వృక్షశాస్త్ర ప్రచారం'. ఇంకో సారు కాప్రా దిక్కు పార్కుల నడిచెటోళ్లను నిలవెట్టి, ఆకు ఊపిరి ఎట్ల దీస్కుంటదో చెప్తడు. పాపం, వాళ్లు అవతలి గేటు నుంచి వోవుడు వెట్టిన్రు. గది గూడ ఇంపాక్టే గద, మనుషుల దారే మార్చిండు. నవ్వుతున్నవా? నవ్వు. అవార్డులకైతే పంచాయితే లేదు, రేషన్ షాపు లైన్ లెక్క సీనియారిటీ వట్టి వరుసగ వస్తయి. నాక్కూడ వచ్చింది. మీ తాత దాన్ని తలుపు కొట్టుకోకుంట అడ్డం వెట్టిండు.

ఏం చెప్తున్న... ఆఁ, సత్తెమ్మ. మా తమ్ముని పెండ్లాం, నాచారంల జొన్నరొట్టెలు జేస్తది, నువ్వు గూడ తిన్నవు చిన్నప్పుడు. తమ్ముడు వోయినంక ఎవ్వల్ని చెయ్యి సాపి అడగలే ఆమె. మా నాయినకు ఆడ జొన్న చేను ఉంటుండె, ఇప్పుడు గాడ అన్ని షెడ్లు, గోదాములు. నేను చారానా టికెట్టుకు లాలాపేట దాంక బస్సుల వోతుంటి సదువుకు, ఎర్కేనా... అది వేరే ముచ్చట తియ్. సత్తెమ్మ పగటీలి పొయ్యి ముట్టిస్తది, డ్యూటీ దిగినోళ్లు వచ్చి వేడివేడిగ కట్టించుకొని వోతరు. ఎండల పొయ్యి ముందట కూసునుడంటే మాటలా. ఆమెకు గోడ లేదు, కప్పు లేదు, ఉన్నదంత రోడ్డు పక్కన ఒక కానుగ చెట్టు. గుబురుగ ఉంటుండె. ఆ నీడ ఉన్నది గనకనే ఆమె బతుకు నడుస్తుండె, గంతే.

నిరుడు మా సంఘానికి కొత్త బుద్ధి వుట్టింది. రోడ్ల పొంటి ఉన్న చెట్లన్నిటికి పేరు బోర్డులు వెట్టాలె. పేర్లు లేకనా? కానుగ, వేప, నేరేడు అని చిన్నపొల్లగాండ్లు గూడ చెప్తరు. కాదట, లాటిన్‌ల ఉండాలెనట. పసుపుపచ్చ రేకులు జేపిచ్చిన్రు. మీద పెద్దగ నంబరు, కింద చీమ తలకాయంత అక్షరాలల్ల లాటిన్ పేరు. తెలుగుల గూడ రాయిద్దామని నేనంటే జాగ లేదన్నరు. సంఘం పేరుకు జాగున్నది, ప్రెసిడెంట్ సారు పేరుకు జాగున్నది, కానుగకే లేదు. రెండు మొలలు వెట్టి సక్కగ చెట్టు బోదెల గొట్టిన్రు. చెట్ల మీద డాక్టరేట్ జేసినోళ్లే చెట్టుకు మొలలు గొడ్తే ఇగ ఏమనాలె? పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊకనే అనలే పెద్దోళ్లు.

వానలు వోయినంక రోడ్డు పెద్దగ జేసుడు షురూ అయింది. రోడ్డు పెరిగేది అవతలి దిక్కు. కొట్టేసే చెట్లు గూడ అవతలియే, వాటికి ఇంజనీర్లు ముందుగాలనే సున్నంతోని నంబర్లేసిన్రు. ఈ దిక్కు చెట్ల జోలికి ఎవ్వలు రావాల్సిన పనే లేదు. కొట్టెటోళ్లు యాడికెళ్లో వచ్చిన కూలోళ్లు. వాళ్లకు మేస్త్రి చెప్పింది ఒక్కటే, నంబరున్నది గొట్టున్రి, లేనిది ఇడ్సున్రి అని. అవతల సున్నం నంబర్లు వానలకు సగం వోయినయి. ఇవతల మనయి రేకు మీద తళతళ మెరుస్తున్నయి. వాళ్లు ఏది ముందు గొడ్తరో నువ్వే చెప్పు.

సత్తెమ్మ పిండి, పొయ్యి వట్టుకొని వొయ్యేటాల్లకు మొద్దు మిగిలింది. మా బోర్డులున్న వరుసంత సాఫ్. ఒక్క సుబాబుల్ చెట్టు బతికింది, ఎందుకంటే మావోళ్లు అది పిచ్చి చెట్టని దానికి బోర్డే వెట్టలే. మేస్త్రి మంచోడే పాపం, ఆ రేకు ఊడదీసి సత్తెమ్మ చేతిల వెట్టిండట, సర్కారు సామాన్ అమ్మా, జాగ్రత్తగ వెట్టుమని. ఆమె దాన్ని నాకు తెచ్చిచ్చింది. ఏడ్వలే. ఇగ నేనేడ కూసుందు వదినె, అని మాత్రం అడిగింది. నాకు కోపమొచ్చింది, అబద్ధమెందుకు, మస్తు కోపమొచ్చింది.

కమిటీ మీటింగ్‌ల లేచి అడిగిన. ప్రెసిడెంట్ సారు నిమ్మలంగ చెప్పిండు, "మేడమ్, మన పని గుర్తించుడు, గుర్తించినం. కొట్టుడు వేరే డిపార్ట్‌మెంట్." రిపోర్ట్‌ల ఆ చెట్లన్ని అట్లనే నిలవడ్డయి, ఒక్కటి తగ్గలే. చెట్లు తగ్గితే సాధించింది తగ్గుతది గద. ఇంకో సారేమో, రేకులు వాపస్ దొరికినయి గనక వచ్చే ఏడు మల్ల వాడుకోవచ్చని సంబురపడ్డడు. నేను గట్టిగ వట్టుకుంటే, సరే, ఆమెను యాన్యువల్ డేకు తోల్కరాండ్రి, సన్మానం జేద్దామన్నరు. రిపోర్ట్‌ల మామూలు మనుషుల ఫోటో ఒక్కటి గూడ లేదట, గదొక పరేషాన్ ఉండె వాళ్లకు.

సత్తెమ్మ రానంటదనుకున్న. వచ్చింది, పెట్టెల చీర దీసి గట్టుకొని మరీ వచ్చింది. స్టేజీ మీద నిలవెట్టి శాలువా గప్పిన్రు. నడి ఎండాకాలం, ఉన్న నీడ వోగొట్టుకున్న మనిషికి ఊలు శాలువా. మైకు మూతికాడ వెట్టి, చెట్ల మీద నాలుగు మాటలు చెప్పమ్మా అన్నరు. నేను ముందు వరుసల కూసున్న. ఇగ తిడ్తది, తిట్టాలె, అని నా పానం కొట్టుకుంటున్నది.

తిట్టలే. రెండు చేతులు జోడిచ్చింది.

"సారూ, నాకింకో చెట్టు దొరికింది. నీడ మంచిగనే ఉన్నది. మీకు దండం వెడ్త, దానికి పేరు వెట్టకున్రి."

ఇగ ప్రెసిడెంట్ సారే ముందుగాల చప్పట్లు గొట్టిండు, ఆయినను జూసి అందరు గొట్టిన్రు. ఈ ఏటి రిపోర్ట్‌ల ఆమె ఫోటో వచ్చింది, రంగులల్ల. 'సంఘం కృషితో చెట్టు విలువ తెలుసుకున్న మహిళ' అని కింద రాసిన్రు. సత్తెమ్మకు సదువు రాదు. ఏం రాసిన్రు వదినె అని అడిగితే, మంచిగనే రాసిన్రు తియ్ అన్న.

చేరు బిడ్డా, చేరు. నీ అసొంటి పిల్లలు చేరితెనన్న ఎవ్వలో ఒకలు లేచి అడుగుతరు, నాకిగ మోకాళ్లు లేస్తలేవు. మంచిగ సదువు, మంచి పేరు దెచ్చుకో, సల్లగుండు. ఒక్కటే మాట. ఎప్పుడన్న నిన్ను సర్వేకు నాచారం తోలి, ఆ రొట్టెల సత్తెమ్మ ఇప్పుడు ఏ చెట్టు కింద కూసుంటున్నదని అడుగుతరు సూడు... నీకు ఎర్క లేదని చెప్పు.