సమజ్ గాని ముచ్చట

వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం, ఆదివారం పగలు. దుకాణం యజమాని క్రాంతి కుమార్ ఫోన్ ఎత్తాడు. అవతల ఒక ఆడమనిషి.

"…అది కాదు బాబూ, మాట్లాడ్తలేదు అంటున్న. రాస్తుంది. రాయకేం, మంచిగనే రాస్తుంది. మాట్లాడ్తలేదు."

"అమ్మా, అది మాట్లాడే యాప్ కాదు. నువ్వు మాట్లాడ్తే అది రాస్తది. గంతే. రాస్తుందని నువ్వే అంటున్నవ్. ఇంకేం కావాలె?"

"మొన్నటిదాంక మాట్లాడింది."

"ఏం మాట్లాడింది?"

"ఏదో. మాట్లాడింది. జర గది మల్ల పెట్టు."

"ఏది పెట్టాలె? ముందుగాల నా నంబర్ ఎవలిచ్చిన్రు నీకు?"

"ఎవలిస్తరు? నీ 'ముచ్చట' యాప్లనే, కింద ఫోన్ బొమ్మ ఉంటది చూడు. గది ఒత్తిన. నువ్వెత్తినవ్."

"నంబర్ అండ్ల పెట్టుడే నేను చేసిన బుద్ధితక్కువ పని. ఎవలమ్మా నువ్వు?"

"బుచ్చమ్మను."

"ఏ బుచ్చమ్మవు?"

"ఏ బుచ్చమ్మ అంటే ఏం చెప్పాలె? ఉప్పునుంతల కాడ మామిడితోట ఉంటది. ఆ తోట కావలి బుచ్చమ్మను. తోట సారు హైదరాబాద్‌ల ఉంటడు. పొద్దుగాల, పొద్దుగూకినంక, తోట సంగతి ఫోన్ల రాసి పంపాలె. నాకు రాసుడు రాదు. గందుకే ఈ యాప్ పెట్టిచ్చుకున్న."

"మంచిది. సారుకు పోతుందా మెసేజ్?"

"పోతుంది."

"తప్పుల్లేకుంట పోతుందా?"

"మోటర్ కాలిందంటే మోటర్ కాలిందనే పోతుంది."

"మరి ఖుషీ కావాలె గదమ్మా! పాత యాప్ మోటర్ అంటే మాటలు అని రాస్తుండె."

"రాస్తే రాయనీ. పాతదే పెట్టు."

"అరె! బాగుచేసినదాన్ని మల్ల ఖరాబు చెయ్యమంటవా?"

"నీకు బాగైంది బాబూ. నాకు కాలే."

"చూడమ్మా, ఒక్క మాట చెప్త ఇను. నేను కంపెనీ కాదు…"

"కాదా? మరి నీ ఆఫీసుల ఇంకెవలన్న ఉంటే ఇయ్యి. నీకు కోపమొస్తున్నట్టుంది. వాళ్లతోటి మాట్లాడ్త."

"ఆఫీసా! సెల్‌ఫోన్లు రిపేర్ చేసే దుకాణం నాది. దాని ఎనక అర్ర ఉంటది. అండ్ల కూసొని రాసిన ఈ యాప్. నేనొక్కన్నే."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే."

"తోడెవలు లేరా?"

"మొదల్ల దోస్తులుండిరి. నౌకర్లు దొరికినయ్, పోయిన్రు. ఫోన్ చేస్తే 'బిజీ ఉన్న అన్నా' అంటరు. ఇప్పుడు ఫోన్ చేసుడు సుత బంద్ జేసిన. ఇదంత నీకెందుకు చెప్తున్న నేను? ఇను. ఇది ఫ్రీ యాప్. ఫ్రీ అంటే పైసల్లేకుండ ఇచ్చుడొక్కటే కాదు. లోపల ఎట్ల చేసిన్నో మొత్తం అందరికి కనపడేటట్టు బయట పెట్టిన. ఓపెన్ సోర్స్ అంటరు దాన్ని. ఎవలన్న తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. నచ్చకుంటే నువ్వే మార్చుకో. అద్దన్ననా?"

"నేను మార్చుకుంటనా? అక్షరమ్ముక్క రాని దాన్ని, నేను మార్చుకోవాల్నా?"

"లే లే. అది అందరికి చెప్పే మాట. చెప్పి చెప్పి నోటికి అలవాటైంది. ఏమనుకోకు."

"అందరికి కనపడేటట్టు పెట్టినంటివి. ఎవలన్న వచ్చి చూసిన్రా?"

"బాయి లెక్కమ్మా ఇది. నీళ్లు అందరు చేదుకుంటరు. పూడిక తియ్య దిగరా అంటే ఒక్కడు దిగడు."

"పూడిక తీసెటోనికి అంబలన్న పోస్తరు గద."

"తిట్లు పోసిన్రు."

"ఎవలు?"

"ఒకలా ఇద్దరా? కల్వకుర్తిల ఒక షావుకారు. 'ఒక్కటే ముచ్చట ఎన్నిసార్లు చెప్పాలెరా, నీ యాప్ చెవిటిదా' అని రాసిండు. గద్వాలల ఇంకొకాయన, 'నేను మొగోన్ని, నన్ను పట్టుకొని అమ్మా అంటదేంది' అని ఒక్కటే స్టార్ ఇచ్చిండు."

"అమ్మా అంటదా?"

"అంటుండె. ఇప్పుడంటలేదు. పాతదాంట్ల మాట సమజ్ కాకపోతే, 'ఏందమ్మా, సమజ్ కాలే, మల్లొకసారి చెప్పు' అనేటట్టు పెట్టిన."

"గది… గది నీ గొంతేనా?"

"నాదే."

"గదే అనుకుంటున్న. ఇందాక 'అమ్మా' అంటివి చూడు, అప్పుడే అనుకున్న."

"మా అమ్మ కోసం చెప్పి పెట్టిన ఆ మాట. ఆమె పుణెకు కూలికి పోయేది. నాకు ఖబర్ పంపాలంటే పక్క గుడిసెలోల్లను బతిలాడేది. నీ లెక్కనే, రాసుడు రాదు. ఆమె కోసమే మొదలువెట్టిన ఈ యాప్. మన పాలమూరోల్ల మాట పెద్ద కంపెనీలోల్లకు అప్పుడు సమజ్ కాకపోతుండె."

"మంచి పని చేసినవ్. ఆమె ఖుషీనా?"

"ఆమె ఇప్పుడు పెద్ద కంపెనోల్లదే వాడుతుంది. అది జల్ది రాస్తదంట. నాదేమో ఆలస్యమంట. నవ్వుతున్నవా?"

"నవ్వుతలేను బిడ్డా. కోతి వచ్చింది చెట్టు మీదికి, దాన్ని అదిలిస్తున్న. నవ్వుతలేను."

"నవ్వినా తప్పులేదు. నాకే నవ్వొస్తది. సరే, నువ్వడిగేది గదేనా? 'మల్లొకసారి చెప్పు' అనేదేనా?"

"ఆ… గదే అనుకో."

"అమ్మా, అది తప్పు పడ్డప్పుడు వచ్చే మాట. ఇప్పుడు తప్పు పడ్తలేదు. అందుకని తీసేసిన. యాప్‌కు నీ మాట ఒక్కసారికే సమజైతుంది. మల్లెందుకు అడగాలె నిన్ను?"

"అడిగితే ఏమైతది?"

"అడిగితే గద్వాలాయన తిడ్తడు!"

"ఆయనకు తీసెయ్. నా ఫోన్ల పెట్టు."

"ఒక్కలకోసం గట్ల పెట్టరాదు. ఇంగొకటి, పెట్టినా ఏం లాభం లేదు. ఇయ్యాల పొద్దుగూకే వరకు మొత్తం తీసేస్తున్న."

"ఏం తీసేస్తున్నవ్?"

"యాప్. ఈ దుకాణంల కంప్యూటర్ మీదనే నడుస్తది అది. దీన్ని బంద్ పెడ్తే అందరి ఫోన్లల్ల బంద్. పెద్ద కంపెనోల్లది ఏదన్న పెట్టిచ్చుకో నువ్వు సుత. సారుకు మెసేజ్ మంచిగనే పోతది, ఫికర్ చెయ్యకు."

"సారు ఫికర్ నాకెందుకు? నువ్వు బంద్ పెట్టకు."

"ఎందుకు పెట్టొద్దు? చెప్పు. బాగా లేనప్పుడు తిట్టిన్రు. బాగైనంక ఒక్కలన్న 'బాగైందిరా' అని చెప్పలే. నువ్వొక్కదానివి ఫోన్ చేసినవ్. అది సుత ఎందుకు? ఎందుకు బాగుచేసినవ్ అని కొట్లాడనీకి."

"కొట్లాడ్తలేను బిడ్డా…"

"ఇంక ఏమంటరు దీన్ని? నీకు తెల్వదమ్మా ఎంత తిప్పలు పడ్డనో. ఒకామె ఉంటది. ఎవలో తెల్వదు, ఊరు తెల్వదు. సమజ్ గాని మాటలు నాకు పంపాల్నా అని యాప్ అడుగుతది. ఆమె ఔనని ఒత్తింది. ఇంక దినాం వచ్చేటియి ఆమె మాటలు. నోట్లె ఏదో అడ్డమున్నట్టు, ముద్దముద్దగ. నోరు తిరగని మనిషి, పాపం, ఈమె మాట సమజ్ కాకపోతే ఇంకెందుకీ యాప్ అనుకున్న. ఇంటున్నవా?"

"ఇంటున్న."

"దుకాణం బంద్ చేసినంక ఇంటికి పోబుద్ధి కాకపోయేది. ఈడనే కూసొని ఆమె మాటలు పెట్టుకొని ఇనేటోన్ని. ఒక్కొక్క మాట పట్టుకొని యాప్‌కు నేర్పిన. ఆ గద్వాలాయన కోసం కాదు, షావుకారు కోసం కాదు. ఆమె కోసం బాగుచేసిన. బాగైనంక ఆమె మాటలు వచ్చుడు బంద్ అయినయ్. సమజైనయి రావు గద నా దగ్గరికి. ఇప్పుడు ఈ అర్రల ఏం సప్పుడు లేదు."

"ఏమంటుండె ఆమె?"

"ఏమో, ఏదో తోట ముచ్చట. చిలకలు పడ్డయని, ఎలుగొడ్డు వచ్చి పోయిందని, గాలికి పిందె… ఆగు. నువ్వు మామిడితోట అన్నవ్ గద."

"ఫోన్ల చార్జింగ్ అయిపోతుంది బిడ్డా. పెట్టేస్త."

"పెట్టకు. ఎర్రయ్య ఎవలు?"

"నా పెనిమిటి. నీకెట్ల తెలుసు?"

"ఆయన పోయినంక తోటల కుక్క అన్నం ముడ్తలేదని చెప్పినవ్. ఆయన కట్టిన మంచె మీదికి ఎక్కబుద్ధి అయితలేదని చెప్పినవ్."

"అయ్యో! గవన్ని నువ్విన్నవా? యాప్ ఇంటుందనుకున్న గాని మనిషి ఇంటడనుకోలే."

"యాప్ అడిగింది గదా, పంపాల్నా అని."

"అది ఏం అడిగితే ఏం ఎరుక నాకు? దేనికైనా ఔననే ఒత్తుత. సిగ్గు పోయింది గద నాది."

"సిగ్గెందుకు? ఎవలికి చెప్పలే నేను. చెప్పనీకి ఎవలున్నరు నాకు? తప్పైంది, ఇంకెప్పుడు ఇనను. కుక్క తిన్నదా మరి?"

"తిన్నది. ఇప్పుడు తింటుంది. నిన్న కోడిబొక్కలు ఏసిన."

"అవి సారుకు పంపే మాటలు కావనుకున్న నేను సుత."

"సారుకెందుకు పంపుత? ఎవలికి పంపలే. మావోల్లంత పైన అడివిల, గూడెంల ఉంటరు. ఆడ సిగ్నల్ ఉండది."

"సరే గాని, ఒక్కటి నాకు సమజ్ అయితలేదు. నువ్వు ఇప్పుడు మంచిగ మాట్లాడుతున్నవ్. గలగల మాట్లాడుతున్నవ్. నోటికేం బాధ లేదు."

"లేదు."

"దవాఖానకు పోయినవా? ఇప్పుడు నయమైందా?"

"నాకేమైందని దవాఖానకు పోవాలె?"

"మరి అప్పుడు గట్ల ముద్దముద్దగ…"

"తోటల కోతులు ఎక్కువైనయి బిడ్డా ఈ ఏడు."

"కోతుల ముచ్చట ఇడ్సిపెట్టు. గట్లెందుకు మాట్లాడినవ్?"

"చింతగింజలు."

"ఏంది?"

"చింతగింజలు నోట్లె ఏసుకొని చెప్తుంటి."

"నోట్లె గింజలు… ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే ఏంది? యాప్‌కు సమజ్ కాకూడదనా?"

"ఆ."

"కావాలని చేసినవా? నేను ఈడ దినాం నీ గొంతు ఇనుకుంట, ఆ గింజల సప్పుడు తీసేయనీకి తల పగలగొట్టుకున్న గదమ్మా! నీకు నోరు రాదనుకొని ఏడ్సిన ఒకనాడు. నిజంగ ఏడ్సిన. నువ్వేమో ఆటాడుకున్నవా నాతోటి?"

"ఆట కాదు బిడ్డా. తిట్టు, పడ్త. ఆట మాత్రం కాదు."

"మరి ఏంది? చెప్పు. సమజ్ కాకుంట చెప్పాల్సిన అవసరమేమొచ్చింది నీకు?"

"నేను చెప్తే నువ్వు బంద్ పెట్టవు గద?"

"చెప్పు ముందుగాల."

"తోట సారుకు ఏది పంపినా బొటనేలు బొమ్మ పంపుతడు. సమజైందని. మా చెల్లె కాడికి పోతే, నోరు తెరుస్తనో లేదో, 'సమజైంది తియ్యక్కా' అంటది. ఎర్రయ్యను బొంద పెట్టిననాడు వచ్చినోల్లంత నా చెయ్యి పట్టుకొని 'నీ బాధ మాకు సమజైంది బుచ్చమ్మా' అనుకుంట పోయిన్రు. ఎవలికి ఏం సమజైంది బిడ్డా? 'సమజ్ కాలే, మల్లొకసారి చెప్పు' అన్నోనివి నువ్వొక్కనివే."