ఆ ఈల ఎవరిది?

అధ్యక్షస్థానంలో ఉన్న హెడ్‌మిస్ట్రెస్ గారికి, వేదిక మీది పెద్దలకు, కింద కూర్చుని గోడ గడియారం వైపు చూస్తున్న మిత్రులకు నమస్కారం. ముందుగా సభవారికి ఒక గంభీరమైన ప్రకటన. వేదిక మీది మూడో కుర్చీకి ఒక కాలు పొట్టి. అందులో ఆసీనులైన కరస్పాండెంటు గారు ఇందాకటినుంచి ఊగుతున్నది నా ముందు మాట్లాడినవారి ఉపన్యాసానికి పరవశించి కాదనీ, కేవలం ప్రాణరక్షణ కోసమనీ అందరూ గ్రహించ ప్రార్థన. (నవ్వులు)

నేను స్కూటర్ మెకానిక్కును. ఏడో తరగతి మూడుసార్లు చదివాను కనుక అందులో నన్ను మించినవాడు లేడు. ఇవాళ రిటైరవుతున్న బ్యాండు మాస్టారి గురించి మాట్లాడే అర్హత నాకెక్కడిదంటే, మా అమ్మాయి ఆయన బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తుంది. ఎదురుగా చూస్తే డ్రమ్ముకే కాళ్లొచ్చి నడుస్తున్నట్టుంటుంది.

ఎక్కడైనా మాస్టారు బ్యాండుకు ముందు నడుస్తాడు. ఈయన మాత్రం చివరి వరుస వెనక, తాళాల గుత్తితో తొడ మీద తాళం వేసుకుంటూ నడుస్తారు. ఒకసారి క్లచ్చు వైరు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను. "ముందుంటే నన్ను చూస్తారయ్యా, వెనకుంటే ఒకళ్లనొకళ్లు వింటారు" అన్నారు. పొడుగు విజిల్ ఒకటి వినబడితే ఆగాలి, పొట్టివి రెండు వినబడితే కదలాలి. అంతే ఆయన పాఠం.

పోయినేడాది ఆటల పోటీల ప్రారంభం రోజున, బ్యాండు సరిగ్గా ముఖ్య అతిథి ఎదుటికొచ్చి ఆగిపోయింది. "విజిల్ ఎవరు ఊదారు?" అని మేడమ్ అడిగితే, "నేనేనండీ, పొరపాటైంది" అని మాస్టారు తల దించుకున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన అందుకున్న ఒకే ఒక్క మెమో అదే.

మేడమ్, అది విజిల్ కాదు, ఈల. వేసింది నేను.

తెల్ల గ్లౌజులు తొడుక్కుని, గడ్డం పైకెత్తి ఆ పిల్ల వస్తూంటే నా రెండు వేళ్లు నా అనుమతి లేకుండా నోట్లోకి వెళ్లాయి. మా ఆవిడ తొడపాశం పెట్టేలోగా జరగాల్సింది జరిగిపోయింది. అంతమందిలో మా అమ్మాయి ఒక్కతే ఆగలేదు. నాన్న ఈల నాకు తెలీదా అన్నట్టు వాయిస్తూనే ఉంది, ఆ దెబ్బ అందుకుని మిగతావాళ్లు కదిలారు. ఏమర్రా బ్యాండు పిల్లలూ, గుసగుసలేంటక్కడ? పెద్దవాళ్లు మాట్లాడుతుంటే వినాలి.

మర్నాడు తప్పు ఒప్పుకుందామని వెళితే మాస్టారు గుమ్మంలోనే ఆపేశారు. "నాకొచ్చింది కాగితమే. నీ పేరు బయటికొస్తే ఆ పిల్ల సిగ్గుతో డ్రమ్ము ముట్టుకోదు. నోరు మూసుకో" అన్నారు. జీవితంలో నా నోరు మూయించిన మొదటి మనిషి ఆయనే. అమ్మాయి మాత్రం, "నేను వాయించే చోటికి ఇంకెప్పుడూ రాకు" అంది. అప్పటినుంచి ప్రతి కవాతూ స్కూలు గోడ బయట, స్కూటరు సీటు మీద నిలబడి చూస్తున్నాను.

మేడమ్, ఆ మెమో నా పేరున మార్చి ఇవ్వండి, షెడ్డులో పటం కట్టించుకుంటాను. ఇంకాసేపట్లో మాస్టారిని బ్యాండు గేటుదాకా సాగనంపుతుంది. ఆ ఒక్కసారికి గోడ లోపల నిలబడనివ్వమని మా అమ్మాయిని ఇంతమంది ముందు అడుగుతున్నాను. చేతులు జేబుల్లోనే ఉంటాయి.

పిల్లలు గుసగుసలాడింది ఎందుకో కూడా చెప్పేస్తాను. అమ్మాయి ఆగలేదన్నది అచ్చంగా నా కల్పన. మాస్టారి విజిల్‌కీ నా ఈలకీ తేడా తెలియని పిల్లలు ఆ బ్యాండులో లేరు. అందరికంటే ముందు ఆగింది మా అమ్మాయే. పెద్ద డ్రమ్ము ఆగింది కనుక మిగతావాళ్లు ఆగారు. ఆ రోజు ఇంటికెళుతుంటే వెనక సీట్లోంచి అంది: "షెడ్డులో బండి నీ మీద పడ్డప్పుడు మమ్మల్ని పిలవడానికి అలాగే ఈల వేశావు కదా నాన్నా. మళ్లీ ఏమైనా అయిందేమో అనుకున్నా."

మాస్టారికీ, ఇంతసేపూ ఓపిక పట్టిన మీకూ కృతజ్ఞతలు. నాకేమీ కాలేదు తల్లీ, ఆగకుండా వాయించు. సెలవు.