రెడ్డెమ్మ నొక్కిన నాలుగో బొత్తాము

రెడ్డెమ్మ ఉండాది గదా, గుర్రప్ప పెండ్లాము, పెండ్లికి ముందర పలమనేరులో కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో పని చేసిందంట. ఆయమ్మకి సాములంటే మొదట్నుంచీ భయం. సాములంటే ఎవురనుకుంటా ఉండారు? చేను కాడ ఆ పేరు ఎత్తకూడదు, ఎత్తితే పిలిచినట్టే. ఈడ ఇంట్లో కూర్చోనుండాము గాబట్టి చెప్తా ఉండా, ఏనుగులు. వాళ్ళ రాగి చేను అడివిని ఆనుకోని ఉండాది. ఎన్ను పాలు పోసుకునే కాలానికి సాములు దిగతాయి. అందుకని గుర్రప్ప గుట్ట పక్క మంచె కట్టి, ఆ మంచె కంబానికి ఒక పాటల పెట్టె, అడివి పక్క ఒకటి, వంక పక్క, అదే వాగు పక్క ఒకటి, బాట పక్క ఒకటి పెట్టినాడు. కొత్తవి కాదు అనుకో, పాత సామాన్ల అంగట్లో ఏరుకొచ్చినవి, ఒకొకటీ ఒక రకం. వాటిల్లో పులి గాండ్రింపు, టపాకాయల సద్దు, పలక డప్పుల మోత నింపినాడు. నాలుగు పెట్టెలకీ నాలుగు రిమోట్లు. గుర్రప్పది ఒకటే మాట. ‘మేయ్, సామి చేలోకి దిగినాక అడివి పక్కది మోగించొద్దు. దారి వదిలితే పోతాడు, దారి మూస్తే మన మీదికొస్తాడు’ అని. వాళ్ళ నాయన చెప్పిందంట అది.

ఏమైందంటే, ఒక మాపటేళ సామి దగ్గరికొచ్చినప్పుడు రెడ్డెమ్మ కంగారులో వంక పెట్టెకి బాట రిమోటు, బాట పెట్టెకి అడివి రిమోటు, ఏదేదో నొక్కింది, ఒక్కటీ మోగలేదు. సామి మంచె దాకా వచ్చి, ఏం తోచిందో ఏమో, తిరిగి పోయినాడు. ఆ పొద్దు నుంచీ ఆయమ్మకి కూడు దిగలేదు. అన్నిటికీ ఒకటే రిమోటు ఉంటే బాగుండునని సంతలో అట్లాంటిది ఒకటి కొనింది. యాడ? ఈ పాత పెట్టెల భాష దానికి తెలిస్తేగదా. సరే, ఇంట్లో అంగడాయప్ప ఇచ్చి పంపిన పాత కంప్యూటరు ఉండె. దాంట్లో లినక్సు ఏసిండారు. బొమ్మా గిమ్మా ఏమీ కనపడదు, నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. పాత రిమోటుని దానికి తగిలించిన సెన్సారు ముందర పట్టుకోని నొక్కితే, ఆ రిమోటు పంపే వెలుగు సైగ తెర మీద అంకెలుగా పడతాదంట. ఆ వెలుగు మన కంటికి ఆనదు. కొత్త రిమోటుకి బ్యాటరీలు ఏసే గూట్లో సన్న సన్న సూదులు ఉంటే, వాటికి వైరు తగిలించి, ఆ అంకెల్ని లోపలికి ఎక్కించింది. గుర్రప్ప తొంగి చూసి, ‘ఏందిమే, అంజనం ఏసినావా?’ అని నవ్వినాడు. ఒకటి నొక్కితే అడివి పెట్టె, రెండు వంకది, మూడు బాటది, నాలుగు మంచెది. నొక్కితే మోగతాది, ఇంగోసారి నొక్కితే ఆగతాది. ఆడికి చాలించింటే ఈ కథే లేదు. భయం చాలించనిస్తాదా? ఎర్ర బొత్తాము ఒకటి ఖాళీగా ఉండె. అది నొక్కితే నాలుగూ ఒకటేసారి మోగేట్టు రాసేసింది. మొగునితో ఒక మాట చెప్పలేదు. చెప్పింటే ఆయప్ప వద్దనేవాడు, ఆమెకీ తెలుసు.

ఇంగొక పొద్దు ఏమైందంటే, ఎండ దిగిపోయి ఆకాశం ఎర్రగా ఉండాది. వంక పెట్టెకి వైరు ఊడిపోతే సరిచేసేదానికి గుర్రప్ప పోయినాడు. ఈమె మంచె మీద, రిమోటు చేతిలో. ఆయప్ప వైరు తగిలించి, బాగయిందని చెయ్యెత్తినాడు. ఎత్తిన చెయ్యి అట్లే నిలిచిపోయింది. ఏందా అని చూస్తే రాగి ఊగతా ఉండాది, గాలేమో లేదు. అంత లావు సామి నడిస్తే సద్దే ఉండదబ్బా, నాకు దానికే భయం. ముందర ఒక పెద్ద ఆడది, ఎనక ఇంగ మూడో నాలుగో, నడాన ఒక గున్న. గున్న ఉంటే తల్లి ఎవురని కూడా చూడదు, మీద పడతాది. గుర్రప్ప మెల్లిగా వంగి రాగిలో పడుకున్నాడు. రెడ్డెమ్మకి ఒకటీ రెండూ ఏదీ గ్యాపకం రాలేదు. వేలు ఎర్రదాని మీదికి పోయింది.

అంతే అనుకో. అడివి పక్క పులి, వంక పక్క టపాకాయలు, బాట పక్క పలకలు, కాళ్ళ కింద ఇంగో పులి. సాములు ముందరికి ఒక అడుగు, ఎనక్కి ఒక అడుగు. ఎట్ల పోయినా మోతే. గున్నని నడాన పెట్టుకోని గుండ్రంగా తిరగబట్టినాయి. తిరిగే కొద్దీ గుండ్రం పెద్దదైతా ఉండాది, గుర్రప్ప పడుకున్న తావుకి వస్తా ఉండాది. అప్పుడు తెలిసిందంట ఆమెకి, దారి మూసేసినానని. అడివి పెట్టె ఆపాలని ఒకటి నొక్కింది. ఆగలేదు. మళ్ళీ నొక్కింది, ఆగలేదు. యాలంటే మంచెకీ ఆ పెట్టెకీ నడాన ఆ పెద్ద సామి గోడ మాదిరి నిలబడిండాది, రిమోటు వెలుగు దాని వంటికి తగిలి ఆడనే ఆగిపోతా ఉండాది. ‘జరుగు తల్లీ, జరుగు’ అని ఏడస్తా నొక్కిందంట. ఏమంటివి, ఎర్రదే ఇంగోసారి నొక్కచ్చు గదా అంటావా? నొక్కితే వంకదీ ఆగిపోతాది గదప్పా, అడివి పక్క పులి మాత్రం అరస్తానే ఉంటాది. సాములు పారిపోయేది దానికి ఎదురుగా ఉండే వంక పక్కకి, గుర్రప్ప మీదికే. మూడు నొక్కి బాటది ఆపితే ఊరి మీద పడతాయి. ఆయప్ప తల కాడ రాగి అప్పటికే నలగతా ఉండె. మంచె మీద నుంచి వంగి, నాలుగు నొక్కింది.

కింద పులి నోరు మూసింది. పెద్ద సామి చెవులు విప్పి ఇట్ల తిరిగింది, సద్దు లేని పక్కకి. తిరిగి, మంచె కిందికి వచ్చింది. ఎనకాలే అన్నీ వచ్చినాయి. ఒకటి కంబాన్ని రాసుకోని పోతే మంచె కట్లు కిర్రుమన్నాయంట, చెయ్యి చాపితే వీపు తగిలేంత. చివరికి ఆఖరుదాని తోక కనపడి, అదీ గుట్ట పక్క తిరిగి, అన్నీ అడివిలోకి పోయినాయి.

గుర్రప్ప రాగిలో నుంచి పాకతా వచ్చి మంచె ఎక్కినాడు. జరిగిందంతా ఆమె చెప్తే తిట్టను కూడా లేదు. ‘నీ కింద దాన్ని యాల ఆపితివి మేయ్?’ అని మాత్రం అడిగినాడు. ‘ఇంగేం చేసేది మామా, భయంలో ఏది చేతికొస్తే అది నొక్కినా’ అనిందంట. పొద్దున్నే కంప్యూటరు ముందర కూర్చోని ఎర్ర బొత్తాములో ఉండేదంతా తుడిచేసింది.

ఊర్లో వాళ్ళూ అదే అంటారు, ఏదో తగిలింది, నొక్కింది, బతికినారు అని. నేను మాత్రం గుర్రప్పనే అడిగినా, రాగిలో నుంచి కండ్లారా చూసినోడు గదా. మంచె అంచున కాళ్ళు కిందికి ఏలాడేసుకోని ఉండెనంట ఆయమ్మ. ముందర కాళ్ళు పైకి లాక్కునింది, పైట నడుముకి బిగించింది, ఒక చేత్తో కంబాన్ని వాటేసుకునింది, ఆమీటనే వంగి నొక్కిందంట. ఏదో తగిలి నొక్కేదానికి ఎవురైనా ముందర కాళ్ళు లాక్కుంటారా, మీరే చెప్పండి.