బూట్లు విప్పే మేడ

ఆ విదేశీ పరిశోధన సంస్థ అద్దెకుంటున్న మేడకు గడువు ఈ నెలతో తీరిపోతోంది. సంస్థ కార్యదర్శి కొత్త ఒప్పందంతోపాటు తాను రాసిన భవన చరిత్ర కూడా పట్టుకుని, కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడ దగ్గరికి దిగాడు.

“చదవండి, వింటాను. ఇల్లు మాకివ్వండని హోటలు వాళ్ళు కూడా తిరుగుతున్నారు, తెలుసుగా?”

“తెలుసండీ. ‘అరవై ఏళ్ళుగా మా పండితులు పుస్తకాల మీది గౌరవంతో, బూట్లు గుమ్మం దగ్గరే విప్పి చదువుల గదిలో అడుగుపెడుతున్నారు...’”

“గౌరవమా, నా మొహమా. అప్పుడు నేను ఈ గదిలో ఉయ్యాల్లో ఉన్నాను. పైన బూట్లు టకటకమంటే లేచి, ఇల్లు పీకి పందిరేసేదాన్నట. మా అమ్మ చీపురుకర్రతో పైకప్పు పొడిచి పొడిచి, ఆఖరికి మేడెక్కి మీ మొదటి డైరెక్టరుని కడిగేసింది. ఆ రోజు విప్పారు బూట్లు.”

“మరి మీరు పెద్దయ్యాక తొడుక్కోమని ఎవరూ చెప్పలేదా?”

“ఎవరైనా అడిగితే కదా.”

ఇంత తప్పు రాశాక ఈవిడ ఇల్లు హోటలుకే ఇచ్చేస్తుందేమో. కార్యదర్శి గబగబా కలం తీశాడు.

“దిద్దేస్తానండీ. జరిగిందే అచ్చు వేయిస్తాను.”

“ఆగండాగండి. మా అమ్మాయికి నెలలు నిండాయి. రేపు పసిబిడ్డతో ఈ గదిలోనే ఉంటుంది. అసలు సంగతి తెలిస్తే మీవాళ్ళు మర్నాడే బూట్లతో తిరుగుతారు.”

“అయితే ఏం చెయ్యమంటారు?”

“ఆ గౌరవం మాట అలాగే ఉండనివ్వండి. సంతకం ఎక్కడ పెట్టాలి?”