అయ్యో కూడా అయినట్టే

ఈ రోజు ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు డైరెక్టర్ గారు ఒక కాగితం నా ముందు పెట్టి సంతకం చేయమన్నారు. నేను చేయలేదు. ఇప్పుడు సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఇంకా చేయలేదు.

ఆ ముక్క ముందే చెప్పేశాను కాబట్టి ఇక మర్యాదలు తీరిగ్గా చేసుకోవచ్చు. ఈ సభకు అధ్యక్షత వహించి, నా గురించి పదహారు నిమిషాలు మాట్లాడి, అందులో పద్నాలుగు నిమిషాలు కొత్త సిస్టం గురించే మాట్లాడిన డైరెక్టర్ గారికి. మాకు పని అప్పగించిన ఆసుపత్రి తరఫున వచ్చి రెండో వరసలో కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్న హెడ్ సిస్టర్ గారికి (ఆవిడకు ఆరింటికి డ్యూటీ ఉంది, తప్పు పట్టకండి). రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే మా చిన్నమేనేజరుకు. టీ ముందుగా అందుతుందని లెక్కవేసి తలుపు పక్కన కూర్చున్న ప్రోగ్రామర్లకు. మూడో వరసలో నిద్ర ఆపుకుంటున్న మా ఆయనకు, అందరికీ నమస్కారం.

నా గురించి మంచి మాటలు చాలా చెప్పారు. 'ఆవిడ చేతిలో ఒక్క ప్రాజెక్టు కూడా ఆలస్యం కాలేదు' అన్నారు. ముప్పై ఏళ్ళలో పందొమ్మిది ప్రాజెక్టులు నడిపాను. పదమూడు ఆలస్యమయ్యాయి. అందులో ఒకటి, దాన్ని అడిగిన కంపెనీ మూతపడిన ఏడు నెలలకు సిద్ధమైంది. (నవ్వులు) 'ఎవరి మనసూ నొప్పించలేదు' అన్నారు. నొప్పించినవాళ్ళు ఈ హాల్లోనే పదకొండు మంది ఉన్నారు, ఇందాక స్వాగతోపన్యాసం నడుస్తుంటే లెక్కపెట్టుకున్నాను. నవ్వకండి, నవ్వినవాళ్ళలో నలుగురు వాళ్ళే.

ఇక బహుమతి. పెన్ను ఇచ్చారు. బరువుగా, నల్లగా, మెత్తటి పెట్టెలో ఉంది. ఉద్యోగం వదిలి వెళ్ళే మనిషికి పెన్నెందుకని నేనడగను. ఎందుకో నాకు తెలుసు, డైరెక్టర్ గారికి తెలుసు, పెన్ను పెట్టె కింద ఒద్దికగా పడుకున్న ఆ నీలం ఫైలుకూ తెలుసు. (నవ్వులు, వేదిక మీద ఎవరూ నవ్వలేదు)

ఫైల్లో ఉన్నది పూర్తి పత్రం. 'పని పూర్తి అయింది' అని ఒక వాక్యం, కింద సంతకానికి ఒక గీత. ఆ గీత మీద నా పేరు పడితే, సోమవారం ఉదయం ఆరింటికి నాలుగు వందల మంచాల ఆసుపత్రిలో పాత సిస్టం ఆగిపోయి కొత్తది మొదలవుతుంది. ఏ రోగికి ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ఆ నిమిషం నుంచి కొత్తదే చెబుతుంది.

మన లిఫ్టు పక్కనున్న తెర అందరూ చూశారు. ఆకుపచ్చ రంగులో తొంభై ఎనిమిది శాతం అని వెలుగుతూ ఉంటుంది. ఆ తెర ముందు నిలబడి ఫొటో దిగినవాళ్ళున్నారు. ఆ తొంభై ఎనిమిది ఎలా పుట్టిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ ఉద్యోగానికి ముందు నేను ఆరేళ్ళు ఒక పత్రికలో వార్తలు రాశాను. చేరిన మొదటి వారం, లారీ గుద్దిన మనిషి గురించి రాసుకొచ్చి, 'పోయినట్టే సార్, వేసేద్దాం' అన్నాను. మా డెస్కు పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "పోయాడా, పోయినట్టేనా?" అన్నాడు. "పోయినట్టేనండీ, డాక్టర్లు చేతులెత్తేశారు." "అమ్మాయ్, పోయాడుకీ పోయినట్టేకీ మధ్య ఒక మనిషి ఊపిరి పీలుస్తున్నాడు. వెళ్ళి చూసిరా." వెళ్ళాను. ఆ మనిషి మంచం మీద కూర్చుని, చెప్పులేవని భార్యతో పోట్లాడుతున్నాడు. (నవ్వులు)

ఆ రోజు నుంచి నాకు 'ట్టే' అంటే పడదు. మీరంతా నా వెనక నన్ను 'ట్టే మేడం' అంటారని తెలుసు. వెనక అనే మాటలు ముందున్నవాళ్ళకే బాగా వినపడతాయి.

అయినా పెళ్ళి చేసుకున్నది మాత్రం ఒక టైలర్ని. (నవ్వులు) మా ఆయన లేచాడు, చూడండి. ఏమండీ, మీ గురించే. జాకెట్టు అయిందా అని ఎవరడిగినా, "అయినట్టేనమ్మా, కాజాలే మిగిలాయి" అంటాడు. ఆ గుడ్డ అప్పటికి సంచిలోంచి బయటకు కూడా వచ్చి ఉండదు. ఒకసారి ఒకావిడ ఆ మాట విని, "పోనీ కాజాలు లేకుండానే ఇచ్చేయండి, పిన్నీసులు పెట్టుకుంటాను" అంది. అప్పుడు వెళ్ళి సంచిలోంచి గుడ్డ తీశాడు మా ఆయన. ఇలాంటి మనిషితో ముప్పై రెండేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు సాఫ్ట్‌వేర్ వాళ్ళొక లెక్కా అనుకునేదాన్ని.

అక్కడే దెబ్బతిన్నాను.

ఈ ప్రాజెక్టులో రెండు వందల పన్నెండు పనులు. ప్రతి పనికీ ఎదురుగా 'అయిందా?' అని ఒక గడి. ఎవరి పని వాళ్ళు అందులో రాయాలి, కంప్యూటరు లెక్కపెట్టి తెర మీద శాతం చూపించాలి. మొదట్లో అది 'అయింది' అని ఉంటేనే లెక్కలోకి తీసుకునేది. కానీ మనలో కొందరు 'అయ్యింది' అని రాస్తారు, ఇంకొందరు 'అయినది' అంటారు. టెస్టింగులో పనిచేసే ఒకమ్మాయి మంగళవారం మీటింగులో లేచి, "మేడం, ఒక 'య' ఎక్కువ రాసిన పాపానికి నా రెండు నెలల పని సున్నానా?" అని నిలదీసింది. న్యాయమే అనిపించింది. పదకొండు నెలల క్రితం, ఒక బుధవారం, నేనే చెప్పాను: 'అ', దాని పక్కన 'య' ఉన్న మాటతో మొదలైతే చాలు, అయినట్టు లెక్క వేయండి అని.

ఇంకోసారి వినండి. అయినట్టు లెక్క వేయండి అన్నాను. నేనే అన్నాను.

ఆ తర్వాత పదకొండు నెలలు మన ప్రాజెక్టు పరుగులు తీసింది. మంగళవారం మీటింగుల్లో పందొమ్మిది మంది కూర్చునేవాళ్ళం. ఇద్దరు చేసిన పని గురించి పదిహేడు మంది అడిగేవాళ్ళం. శాతం పెరిగిన ప్రతిసారీ చప్పట్లు కొట్టుకున్నాం. పట్టికలో ఐదు పనులకు మాత్రం ప్రతి వారమూ 'కాలేదు' అని ఉండేది. ఆ ఐదుగురినీ నిలబెట్టి అడిగాం, చూడండి ఎవరూ మీలా లేరు అన్నాం. నిజమే, ఎవరూ వాళ్ళలా లేరు. నిజం రాసింది ఆ ఐదుగురే.

ఇలాగే సోమవారం దాకా వెళ్ళిపోయేవాళ్ళం. కానీ మొన్న గురువారం మధ్యాహ్నం హెడ్ సిస్టర్ గారు కొత్త సిస్టం చూడ్డానికి వచ్చారు. మా వాళ్ళు రంగులు చూపించారు, బొమ్మలు చూపించారు. ఆవిడ అవేవీ చూడకుండా తన పేరే కొట్టమన్నారు. కొట్టారు. 'ఏ మందుతోనూ ఇబ్బంది లేదు' అని వచ్చింది. అప్పుడావిడ నాతో అన్న మాటలు చీటీ మీద రాసుకున్నాను, ఉన్నవి ఉన్నట్టు చదువుతాను.

"అమ్మా, ఒక సూది మందు నాకు పడదు. పదకొండేళ్ళ కింద మా వార్డులోనే ఒక్క సూది వేస్తే మూడు రోజులు కళ్ళు తెరవలేదు. నా కార్డు మీద ఎర్ర సిరాతో రాసుంది. మీ డబ్బా మాత్రం సుబ్బరంగా వేసుకోమంటోంది. దాని మాట వింటే నేనింక డ్యూటీకి రానక్కర్లేదు, మీ ఫంక్షనుకీ రానక్కర్లేదు."

వచ్చారు సిస్టర్ గారూ, సంతోషం.

శుక్రవారం తలుపేసుకుని పట్టిక మొత్తం కళ్ళతో చదివాను. కంప్యూటరు 'అయింది' అని లెక్కపెట్టినవి రెండు వందల ఏడు. వాటిలో నిజంగా అయినవి, ఏ స్పెల్లింగుతో రాసినా సరే, నూట ముప్పై తొమ్మిది. మిగిలిన అరవై ఎనిమిదిలో 'అయినట్టే' నలభై ఒకటి. 'అయిపోతుంది' తొమ్మిది. 'అయిదో తారీఖుకి చూద్దాం' నాలుగు. ఏ నెల అయిదో రాయలేదు. 'అయ్యగారిని అడగాలి' మూడు. (నవ్వులు) డైరెక్టర్ గారూ, ఆ అయ్యగారు మీరే, ముగ్గురూ ఇంకా అడగలేదట. 'అయ్యో, ఇది మాదా?' అని ఒకరు, 'అయ్యో, మర్చిపోయాం' అని మరొకరు. ఒక గడిలో 'అయోమయంగా ఉంది' అని ఉంది. (పెద్దగా నవ్వులు) దానికి కూడా చప్పట్లు కొట్టాం. ఆ వారమే కొట్టాం, మీటింగు మినిట్సులో రాసి ఉంది.

'అయితే' అని మొదలైనవి ఎనిమిది. నవ్వు ఆగిపోయేది ఇక్కడే. నూట పద్దెనిమిదో పని: మందులు పడనివాళ్ళ వివరాలు కొత్త సిస్టంలోకి ఎక్కించడం. ఎదురుగా ఉన్న మాట, 'అయితే ముందు పాత కార్డులు దొరకాలి.' కార్డులు ఎక్కడికీ పోలేదు. ఆసుపత్రి కింది అంతస్తులో నాలుగు ఇనప బీరువాల్లో పదమూడు వందల నలభై ఉన్నాయి, తాళాలు సిస్టర్ గారి దగ్గరున్నాయి. పదకొండు నెలల్లో వాటి కోసం అక్కడికి వెళ్ళిన మనిషి లేడు. నేనూ వెళ్ళలేదు. తెర ఆకుపచ్చగా ఉంటే మెట్లు దిగేదెవరు?

డెస్కు పెద్దాయన ఉంటే ఒకే ప్రశ్న వేసేవాడు. 'అయిందా?' కాదు. 'ఎవరు చూశారు?' ముప్పై ఏళ్ళలో నేను నేర్చుకున్న ప్రాజెక్టు మేనేజిమెంటు మొత్తం ఆ రెండు మాటల్లో పడుతుంది. మిగతాదంతా రంగులు. ఆ రెండు మాటలూ ఈ పట్టికను అడగడం నేను మర్చిపోయాను. మీలో ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. గడి పెట్టింది నేను, సూత్రం చెప్పింది నేను.

ఈ ఉదయం ఇదంతా డైరెక్టర్ గారికి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, "మీరెలాగూ వెళ్ళిపోతున్నారు కదమ్మా, ఓ సంతకం పడేసి హాయిగా వెళ్ళండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. నేను పెట్టకపోతే ఎలాగన్నాను. "అయిదున్నరకు మీ అధికారం అయిపోతుంది. తర్వాత చిన్నమేనేజరు పెడతాడు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. సోమవారం ఆరంభానికి అతిథుల్ని పిలిచేశారు, రిబ్బను కొనేశారు. మా ఆయన కూడా అంతే, కాజాలు లేకపోయినా ముందు బిల్లు రాసేస్తాడు.

చిన్నమేనేజరుగారూ. పన్నెండేళ్ళ కింద నువ్వు చేరిన రోజు నిన్ను గారూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను, అలవాటు చేసుకో. ఆ ఫైలు అయిదున్నరకు నీ బల్ల మీదికి వస్తుంది. నీకు ఇంటి అప్పుంది, పిల్లల స్కూలుంది, డైరెక్టర్ గారి ముందు కాదనడం నీకెంత కష్టమో నాకు తెలుసు. నాకే ముప్పై ఏళ్ళు పట్టింది. అందుకని ఆ కష్టం నీకు పెట్టదలచుకోలేదు.

మన నిబంధనల పుస్తకం పద్నాలుగో పేజీలో ఒక మాటుంది. పూర్తి పత్రం మీద అధికారం ఉన్నవాళ్ళు 'కాలేదు' అని రాసి సంతకం చేస్తే, ఆ పనులన్నీ మళ్ళీ తనిఖీ అయ్యేదాకా కొత్త పత్రం పుట్టదు. ఆ పేజీ ఎవరూ చదవరు. రాసింది నేను కాబట్టి నాకు గుర్తుంది. ఇప్పుడు టైము నాలుగు గంటల ముప్పై ఒక్క నిమిషం. ఆ నీలం ఫైలు ఇలా ఇవ్వండి.

(వక్త ఫైలు తెరిచి, 'అయింది' అన్న మాట కొట్టేసి, పైన 'కాలేదు' అని రాసి సంతకం చేశారు.)

పెన్ను బాగా రాస్తోంది. కృతజ్ఞతలు. (నవ్వులు)

డైరెక్టర్ గారు తల ఊపారు. ఒప్పుకున్నారా, ఒప్పుకున్నట్టేనా అన్నది రేపు తెలుస్తుంది.

(చిన్నమేనేజరు లేచి: "అక్కా, కార్డుల పనికి రేపు నేనొస్తాను.")

వస్తావా, వచ్చినట్టేనా?

("వస్తానక్కా. తొమ్మిదింటికి." నవ్వులు, చప్పట్లు)

ఈ చప్పట్లు మినిట్సులో రాయించండి. ఈసారివి న్యాయమైనవి.

నన్ను భరించిన మీ అందరికీ, నా పేరు తప్పు లేకుండా పలికిన వ్యాఖ్యాతకు, కుర్చీలు సర్దినవాళ్ళకు, ఇంతసేపూ మెలకువగా ఉన్న మా ఆయనకు కృతజ్ఞతలు. పాత సిస్టం సోమవారం ఆరింటికి ఆగదు. రేపు ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు ఆసుపత్రి కింది అంతస్తులో సిస్టర్ గారు మొదటి బీరువా తాళం తీస్తారు. కార్డుకు నాలుగు నిమిషాలు, ఎనిమిది మంది కూర్చుంటే పదకొండు గంటల పైచిలుకు పని. ఏడుగురు కావాలి. ఎనిమిదో మనిషిని నేను; ఉద్యోగిని కాను కాబట్టి గేటు దగ్గర నా పేర చీటీ రాయించి ఉంచండి. మొదటి కార్డు సిస్టర్ గారిది.

తొమ్మిదింటిదాకా, సెలవు.