అత్తగారి పోలిక

ఉదయం ఎనిమిదింటికి వేసుకోవలసిన మాత్ర ఆయన వేసుకోలేదు. తొమ్మిదింటికి భార్య కనిపెట్టింది. ఆయనకు కిడ్నీ ఇచ్చింది ఆవిడే.

"ఒంట్లో బాగానే ఉందిగా. ఒక్క పూటకి ఏమవుతుందే?"

"డాక్టరు చెప్పింది విన్లేదా? మీ రక్తంలో తెల్లకణాలు ఒంట్లో ప్రతిదాని గుర్తూ తడిమి చూస్తాయట. పరాయిదనిపిస్తే మీద పడతాయట. వాటి జోరు తగ్గించడానికే ఈ మాత్ర."

"ముప్పై ఏళ్ల కాపురం! నీ కిడ్నీ నాకు పరాయిదెలా అవుతుంది?"

"మీ అమ్మగారికి నేను ఇప్పటికీ పరాయిదాన్నే. మీ కణాలది ఆవిడ పోలిక."

"మధ్యలో మా అమ్మెందుకు?"

"సరే, మానెయ్యండి. ఇది పాడైతే మళ్లీ నా వంక చూడకండి. మిగిలిన ఒక్కటీ నాకు కావాలి."

ఆయన మాత్ర మింగాడు. ఆవిడ నాలుక ఎత్తమంది. ఎత్తాడు. కింద ఏమీ లేదు.