అద్దాల గదిలో గొడుగులు

"తాతగారూ, ఈ ఫోటోలో వీళ్లంతా గదిలో కూర్చుని గొడుగులు వేసుకున్నారేంటి?"

ఏదీ, ఇలా తే. కళ్లజోడు పెట్టుకోనీ. ఆఁ... ఇదా. మీ మామ్మ పెట్టెలో దొరికిందా? దొరుకుతుంది మరి. నేను పారెయ్యమన్నది, ఆవిడ దాచింది. అదుగో, వంటింట్లోంచి నవ్వుతోంది చూడు. మన మాటలన్నీ వినపడుతున్నాయన్నమాట.

కూర్చో సుధా. నువ్వు ఇళ్లకి ప్లాన్లు గీసే చదువు చదువుతున్నావు గదా, నీకు పనికొచ్చే సంగతే. ఇది మన పాలకొల్లులో మా వీధి రీడింగ్ రూము. పైకప్పు కారి కాదు, అసలు వానే లేదు. మంచి ఎండాకాలం, సాయంత్రం నాలుగు గంటలు. లెక్కపెట్టు, ఏడు గొడుగులుంటాయి. గొడుగు లేకుండా, చొక్కా తడిసిపోయి, ఆ బల్ల దగ్గర ఒకడు కూర్చున్నాడు చూశావూ? ఆ మహానుభావుణ్ణి నేనే. సెక్రెటరీని.

పాత రీడింగ్ రూము నీకు తెలీదు. పెంకుటిల్లు. ముందు వరండా, వరండాకి చెక్క ఊచలు. చూరు ఎంత కిందికి ఉండేదంటే, పొడుగు మనుషులు తల వంచి లోపలికి రావాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కనే హోటల్లో కాఫీ తాగి అక్కడికి వెళ్లేవాణ్ణి. కాఫీ అర్ధరూపాయి. కాదు కాదు, పావలా. అర్ధరూపాయి అయ్యేసరికి మీ నాన్న పుట్టాడు, నేను కాఫీ ఇంట్లోనే తాగడం మొదలెట్టాను. సరే, కాఫీ సంగతి కాదు గదా మనం చెప్పుకునేది.

ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యాక నాకు ఆ సెక్రెటరీ పని ఇచ్చారు. జీతం లేదు, ఏమీ లేదు. పొద్దున్నే తలుపు తీయడం, పేపర్లు బల్ల మీద పరచడం, ఎవరైనా పేపరు మడత పెట్టి చంకలో పెట్టుకుపోతుంటే దగ్గడం. అంతే. కానీ నీకెలా చెప్పను, రిటైరైనవాడికి తొమ్మిదింటికి వెళ్లాల్సిన చోటొకటి ఉండటమంటే మాటలు కాదమ్మా. మీ మామ్మ నడుముకి ఇంటి తాళాలు, నా నడుముకి రీడింగ్ రూము తాళం. ఇద్దరం సమానమయ్యాం.

తర్వాత ఆ పెంకుల కప్పు బాగా పాడైపోయింది. వీధిలో తలా కొంత వేసుకుని కొత్తది కట్టిద్దామనుకున్నాం. రెండువేల సంవత్సరం దాటి ఒకటో రెండో ఏళ్లయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే నేను ఒక పెళ్లికి హైదరాబాదు వెళ్లాను. పెళ్లికొడుకు మొహం గుర్తు లేదు గానీ, అక్కడ చూసిన బిల్డింగులు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టున్నాయి. గోడే లేదు, మొత్తం నీలం అద్దం! ఆకాశం, మబ్బులు, అన్నీ దాని మీదే. తిరిగొచ్చి కమిటీలో చెప్పేశాను, మనదీ అద్దాలదే అని.

విశాఖపట్నం నుంచి ఒక డిజైనర్ని పిలిపించాం. మంచివాడే, పాపం. కంప్యూటర్లో గీసిన రంగుల బొమ్మ తెచ్చాడు. ముందంతా నీలం అద్దం, దాని ముందు ఇంత పెద్ద చెట్టు, చెట్టు కింద నలుగురు మనుషులు, ఒక్కడికీ చెమట లేదు. మా మేస్త్రి వీర్రాజు ఆ బొమ్మ మీదకి వంగి చాలాసేపు చూసి, ఈ చెట్టు ఎక్కడుందండీ అన్నాడు. మా స్థలం ముందు కరెంటు స్తంభం తప్ప ఏముంది? చెట్టు కంప్యూటర్లో వస్తుందండి అన్నాడు డిజైనరు. అప్పుడు వీర్రాజు నా వైపు తిరిగి, పడమటి మొహం గదండీ, ముందుకో రెండు గజాలు చూరు దింపుదాం అన్నాడు. నేను నవ్వాను. నువ్వింకా పెంకుటిళ్ల దగ్గరే ఆగిపోయావు వీర్రాజూ అన్నాను.

చూడు మరి, కాకినాడలో బి.ఎస్సీ. ఫిజిక్సు చదివినవాణ్ణి. వేడి మూడు విధాలుగా ప్రయాణిస్తుందని బొమ్మలేసి మరీ రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాణ్ణి. పడమటెండ మాత్రం సిలబస్‌లో లేదు.

ఇక సుబ్బరాజుగారి సంగతి. ఊరి బయట కొబ్బరితోట ఉండేది ఆయనకి. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి వచ్చి, పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదివి, ఆరింటికి లేచేవారు. బాగా మర్యాదస్తుడు. ఎంత మర్యాదంటే, ఆయన మనల్ని అన్న మాట మనకి ఇంటికెళ్లి కాళ్లు కడుక్కున్నాక గానీ తగలదు. ఏం మాట్లాడినా ముందో 'ఆయ్', చివరో 'అండి'.

ప్రారంభోత్సవం నాడు వీధి వీధంతా వచ్చింది. కార్తీక మాసం, చల్లగా ఉంది. లోపల ఫాల్స్ సీలింగు, అందులో చిన్న చిన్న లైట్లు, కొత్త కుర్చీలు. అందరూ ఆహా అంటున్నారు. సుబ్బరాజుగారు అద్దాన్ని వేలితో ఒకసారి తట్టి, నలుగురిలో అడిగారు: పరదాలు ఏ రంగువి తెప్పిస్తున్నారండీ శాస్త్రిగారూ అని.

నా చేతిలో మైకుంది. మైకు చేతిలో ఉన్నవాడికి బుద్ధి ఉండదమ్మా.

"ఈ అద్దాలకి పరదాలు కట్టిన రోజున ఈ సెక్రెటరీ పదవి నాకొద్దు. తాళం ఇచ్చేసి ఇంటికి పోతాను" అన్నాను.

చప్పట్లు కొట్టారు. సుబ్బరాజుగారు కూడా కొట్టారు. మీ మామ్మ మాత్రం కొట్టలేదు.

చలికాలమంతా వైభోగం. ఆ అద్దం బయట నుంచి చూస్తే ముఖం కనపడుతుంది, లోపల నుంచి చూస్తే బయటంతా కనపడుతుంది. దాంతో వీధిలో పోయేవాళ్లంతా మా ముందు ఆగి తల దువ్వుకోవడం, పళ్లు చూసుకోవడం. లోపల పదిమందిమి పేపరు దించి చూస్తున్నామని వాళ్లకి తెలీదు. ఎదురింటివాళ్ల కోడిపుంజు ఒకటుండేది. రోజూ పొద్దున్నే అద్దంలో ఇంకో పుంజుని చూసి దెబ్బలాటకి దిగేది. సుబ్బరాజుగారు ఒక వారమంతా మధ్యాహ్నం మానేసి పొద్దున్నే వచ్చారు, దాని కోసం. రెండూ సమానంగానే ఉన్నాయండి, తేలేలా లేదు అనేవారు.

శివరాత్రి వెళ్లింది. ఎండ మొదలైంది. మూడు దాటితే సూర్యుడు తిన్నగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. కిటికీలు లేవు, ఏసీ పెడతారు గదాని డిజైనరు పెట్టలేదు. ఏసీ సంగతి తర్వాత చూద్దామని మేము పెట్టలేదు. ఫ్యాన్లు ఆ వేడినే తిప్పి తిప్పి పోసేవి. పుస్తకాల అట్టల జిగురు కరిగి కాగితాలు ఊడిపోతున్నాయి. కుర్చీలో కూర్చున్నవాడు కాలినట్టు వెంటనే లేచేవాడు. ఇరవైమంది వచ్చే చోటికి పదిమంది, పదిమంది కాస్తా అయిదుగురు. వచ్చినవాళ్లు అద్దం వైపు చూస్తారు, నా వైపు చూస్తారు, నా నడుముకున్న తాళం వైపు చూస్తారు.

ఒకరోజు సుబ్బరాజుగారు నల్ల గొడుగు తెచ్చారు. వచ్చి, అద్దానికీ నా బల్లకీ మధ్యన కుర్చీ వేసుకుని, గొడుగు విప్పి, పేపరు తీశారు. నాకు ఒళ్లు మండింది. అసలే మండుతోంది, ఇంకాస్త మండింది. గదిలో గొడుగేంటండీ అన్నాను.

"ఆయ్, ఎండగా ఉందండి. మీరు పరదా కట్టనన్నారు గానీ గొడుగు వద్దనలేదు గదండి."

వారం తిరిగేసరికి ఏడు గొడుగులయ్యాయి. రాని వాళ్లు కూడా గొడుగులేసుకుని రావడం మొదలెట్టారు. ఎదురుగా స్టూడియో అతను వచ్చి ఫోటో తీసి, పెద్దది చేయించి, పెళ్లి ఫోటోల పక్కన షోకేసులో పెట్టాడు. అదే ఇది. నేను వెళ్లి బతిమాలి తెచ్చుకుని మీ మామ్మ చేతికిచ్చాను, పొయ్యిలో పెట్టమని. గ్యాసు పొయ్యిలో ఎలా పెడతారు అంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇది ఎవరికీ చెప్పకు. నేను పరదా కట్టనన్నాను. పరదా అంటే గుడ్డ. కాగితం గుడ్డ కాదు గదా? పాత పేపర్లన్నీ తీసి, మైదా ఉడకబెట్టి, బయటవైపు అద్దానికి అంటించాను. రెండు రోజులు పట్టింది. ఇక చూడు, వీధిలో జనం నిలబడి గోడ చదవడం మొదలెట్టారు. లోపల ఒక్కడు లేడు, బయట తీర్థం. ఒకాయన తలుపు తీసి, ఈ హత్య కేసు మిగతా భాగం ఏ అద్దం మీదుందండీ అని అడిగాడు. పై రెండు వరసలు మనుషులు చదివారు. కింది వరస మేకలు చదివాయి. మైదా గదా, మూడోరోజుకి నున్నగా నాకేశాయి. మిగతాది నేనే గీకేశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇక తాళం ఇచ్చేస్తాను అన్నాను మీ మామ్మతో. అన్నానే గానీ, తొమ్మిదింటికి ఎక్కడికి వెళ్లను మర్నాటి నుంచి? ఆవిడ కాఫీ చల్లారుస్తూ, శ్రీరామనవమి వస్తోంది గదా, రీడింగ్ రూము ముందు పందిరి వెయ్యరా అంది. మాకు అక్కడ నవమి చేసే అలవాటు లేదు. ఆ మాటే అన్నాను. ఇప్పుడు చెయ్యండి, ఎండలో పోయేవాళ్లకి కాస్త పానకం ఇవ్వొచ్చు అంది. ఆ వేళప్పుడు నాకు రాముడి ధ్యాసే లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి, రీడింగ్ రూము ముందు ట్రాక్టరు నిండా కొబ్బరి మట్టలు. సుబ్బరాజుగారి తోట మనుషులు గోతులు తీసి రాటలు పాతుతున్నారు. ఆయన రోడ్డు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"రాములోరి పందిరండి. మీ అద్దాలకి ఒక్క మేకు కూడా తగలదండి" అన్నారు.

ఆ పందిరి ఎలా వేశారనుకున్నావు? రాముడికైతే నాలుగు వైపులా సమానంగా ఉండాలి గదా. పడమటి వైపు మాత్రం మట్టలు అల్లి, మనిషి నడుం దాకా దింపేశారు. సాయంత్రం నాలుగింటికి లోపలికెళ్లి చూస్తే, బల్లమీద ఆకుల నీడ కదులుతోంది. చల్లగా ఉంది. గొడుగులన్నీ మూలన చేరాయి. సరిగ్గా వీర్రాజు దింపుదామన్న ఆ రెండు గజాలే. వాడు వచ్చి చూసి, ఏమీ అనకుండా పానకం తాగి వెళ్లాడు. మంచి సంస్కారం ఉన్న మనిషి.

నవమి అయిపోయింది. నలుగురూ వింటుండగా నేను గట్టిగా, పందిరి ఎప్పుడు తీయిస్తారండీ రాజుగారూ అనేవాణ్ణి. ఆయ్, రేపండి అనేవారాయన. మర్నాడు, హనుమజ్జయంతి దాకా ఉండనివ్వండి అనేవారు. అదయ్యాక, తోటలో మనుషులు కొబ్బరికాయల దింపుల మీద ఉన్నారండి అనేవారు. ఇలా వేసవంతా నేను అడగడం, ఆయన రేపనడం. పెళ్లిళ్లవాళ్లు కూడా మా పందిరి కిందే ఆగి, మంచినీళ్లు తాగి వెళ్లేవారు.

మొదటి వాన పడ్డరోజు సాయంత్రం, పందిరి కింద మేమిద్దరమే ఉన్నాం. ఇక ఉండబట్టలేక అడిగేశాను. గొడుగు పట్టుకొచ్చి పదిమందిలో నన్ను అంత అవమానం చేసినవారు, మళ్లీ ఈ పందిరెందుకు వేశారండీ అని. ఆయన జల్లు తగలకుండా కుర్చీ ఇటు జరుపుకున్నారు.

"పందిరి మీ ఇంటావిడగారు వచ్చి అడిగితే వేశానండి. గొడుగు అవమానానికి కాదండి. పేపరంటారా, నాకు ఇంటికే వస్తుందండి. అందరూ మానేస్తున్నారు, ఆ ఎండలో మీరొక్కరే కూర్చుంటారని తెచ్చుకున్నానండి."

ఇంటికొచ్చాను. ఆ ఫోటో పారేశావా అనడిగాను మీ మామ్మని. పెట్టె తీసి ఫోటో చేతికిచ్చింది. అప్పుడు చూశాను. నువ్వూ సరిగ్గా చూడు. ఆయన గొడుగు ఎటు వంగి ఉంది? ఆయన ఎడం భుజం మీద ఎండ పడుతోంది చూశావా? ఇప్పుడు నీడ ఎక్కడ పడిందో చూడు. నా బల్ల మీద. నా రిజిస్టరు మీద, నా చేతుల మీద. నేనేమో ఆయన వైపు ఎంత కోపంగా చూస్తున్నానో చూడు, వెధవ మొహం నాదీ.

ఆ తర్వాత పదకొండేళ్లు సెక్రెటరీగా చేశాను. పరదా కట్టలేదు. ఏటా శివరాత్రికి ట్రాక్టరొచ్చేది, ఏటా ఎప్పుడు తీయిస్తారండీ అని అడిగేవాణ్ణి. ఆయన పోయాక కూడా మట్టలు వస్తూనే ఉన్నాయి. ఎవరు పంపుతున్నారని నేను అడగలేదు.

నిన్న నీ కంప్యూటర్లో ఒక ఇల్లు చూపించావు గదా, బాగుంది తల్లీ. ముందు చెట్టు కూడా బాగుంది. ఆ చెట్టు ఎవరు నాటుతారో ఒకసారి కనుక్కో. నాలుగింటికి ఆ స్థలంలో ఒక కుర్చీ వేసుకుని ఓ గంట కూర్చో. అంతకంటే నాకేం తెలుసు, నాది పాత ఫిజిక్సు.

చల్లగా ఉండమ్మా. నువ్వు కట్టే ఇళ్లల్లో ఎవరికీ గొడుగు విప్పే పని రాకూడదు. ఒకవేళ వచ్చిందే అనుకో, పక్కన కుర్చీలో సుబ్బరాజుగారి లాంటి మనిషి ఒకడు కూర్చుని ఉండాలి.